తల్లి అయినంత మాత్రాన చదువు ఆగిపోవాలా?

విద్యార్జన స్త్రీ పురుషులిరువురికీ విధి అని మనం తరచుగా చెప్పుకుంటాం. జుమా ప్రసంగాల్లోనో, ధార్మిక సభల్లోనో, మద్రసా వార్షికోత్సవాల్లోనో ఈ మాట వినని ముస్లిం కుటుంబం ఉండదు. అయితే పదహారేళ్ల అమ్మాయి గర్భవతి అయిందని తెలిసిన మరుక్షణం ఆ విధి ఏమవుతోంది? పసిబిడ్డను ఒడిలో పెట్టుకుని పుట్టింట కూర్చున్న పదిహేడేళ్ల తల్లికి ఆ విధి వర్తిస్తుందా, వర్తించదా? ఆచరణలో చూస్తే వర్తించనట్లే ఉంది. ఆమె పుస్తకాలు అటకెక్కుతాయి. హాల్‌టికెట్టు వచ్చినా పరీక్షకు పంపరు. "ఇంకెక్కడి చదువు, ఇక బిడ్డను చూసుకోవాలి కదా!" అన్న ఒక్క మాటతో ఆ అధ్యాయం ముగిసిపోతుంది. ఆ మాట అంటున్నది ప్రభుత్వం కాదు, చట్టం కాదు, షరీఅత్ అసలే కాదు. అంటున్నది మనమే.

ఇళ్లలో సాధారణంగా వినిపించే ఈ మాటను కొన్ని దేశాలు అధికారిక ఉత్తర్వుగానే అమలు చేశాయి. తర్వాత అదే ఉత్తర్వును వెనక్కి తీసుకున్నాయి. వాటి అనుభవం మనకు పాఠం కాదగినది.

సియెర్రా లియోన్ నేర్పిన పాఠం

పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ జనాభాలో నాలుగింట మూడు వంతులకు పైగా ముస్లింలే. 2014లో ఆ దేశాన్ని ఎబోలా మహమ్మారి కబళించింది. దాదాపు నాలుగు వేల మంది ప్రాణాలు కోల్పోయారు. పాఠశాలలు సుమారు తొమ్మిది నెలల పాటు మూతపడ్డాయి. తల్లిదండ్రులను పోగొట్టుకుని, తిండికి గతిలేక, కాపాడేవారు లేక అల్లాడిన బాలికలను ఎందరో పురుషులు వాడుకున్నారు. బలాత్కారానికి గురైనవారు కొందరు, ఆకలికి లొంగిపోయినవారు కొందరు. ఆ కాలంలో వేలాది బాలికలు గర్భవతులయ్యారు.

2015 ఏప్రిల్ 14న బడులు తిరిగి తెరుచుకున్నాయి. అందరూ సంతోషించవలసిన ఆ సమయంలోనే విద్యాశాఖ ఒక నిషేధం ప్రకటించింది. గర్భవతులైన బాలికలు సాధారణ పాఠశాలలకు రాకూడదు, పబ్లిక్ పరీక్షలు రాయకూడదు. వారిని చూసి 'అమాయక బాలికలు' చెడిపోతారన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ తర్వాత జరిగిన సంగతులను ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2015 నవంబరు నివేదికలో నమోదు చేసింది. పరీక్ష రాయడానికి వచ్చిన అమ్మాయిలను వరుసలో నిలబెట్టి, పొట్టను, రొమ్మును తడిమి చూసి లోపలికి పంపిన ఉదంతాలు అందులో ఉన్నాయి. హయా గురించి, అమ్మాయిల మర్యాద గురించి మనం ఎంతో మాట్లాడతాం. నైతికతను కాపాడే పేరుతో ఒక ప్రభుత్వం అమ్మాయిల సిగ్గునే బహిరంగంగా హరించిందంటే అది ఎంతటి వైపరీత్యమో ఆలోచించండి.

విమర్శలు రావడంతో ఆ బాలికల కోసం వేరుగా తాత్కాలిక కేంద్రాలు ఏర్పాటు చేశారు. అవి వారానికి మూడు రోజులే నడిచేవి, నాలుగు సబ్జెక్టులే చెప్పేవారు. ప్రసవం తర్వాత తిరిగి బడికి వెళ్లవచ్చునన్నారు. కాని అప్పటికి పరీక్షలు దాటిపోయేవి, ఫీజు కట్టే శక్తి ఉండేది కాదు, బిడ్డను చూసుకునే దిక్కు ఉండేది కాదు. ఇంకో సంగతి గమనించాలి. ఆ గర్భాలకు కారకులైన పురుషులపై ఆ నిషేధం ఈగ వాలినంత భారం కూడా మోపలేదు. తోటి విద్యార్థే బిడ్డకు తండ్రి అయితే అతను నిశ్చింతగా తరగతిలో కూర్చునేవాడు. ఇద్దరికీ సంబంధించిన విషయంలో శిక్ష ఒక్కరికే పడింది. అది కూడా ఇద్దరిలో బలహీనురాలికే పడింది.

కొన్ని మహిళా, మానవ హక్కుల సంస్థలు 2018లో ఈ విషయాన్ని పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి అయిన ఎకోవాస్ న్యాయస్థానం ముందుకు తీసుకెళ్లాయి. 2019 డిసెంబరు 12న న్యాయస్థానం తీర్పు వెలువరించింది. ఆ నిషేధం వివక్షాపూరితమనీ, బాలికల విద్యాహక్కును కాలరాస్తోందనీ, దాన్ని ఎత్తివేయాలనీ స్పష్టం చేసింది. గర్భవతులను వేరు చేసి కూర్చోబెట్టే కేంద్రాలు కూడా వివక్షేనని పేర్కొంది. 2020 మార్చి 30న ఆ దేశాధ్యక్షుడు జూలియస్ మాదా బయో నిషేధాన్ని రద్దు చేశారు. మరుసటి ఏడాది వచ్చిన కొత్త విధానం వికలాంగులు, నిరుపేదలు, మారుమూల పల్లెల పిల్లలతో పాటు గర్భవతులైన విద్యార్థినులకూ, బిడ్డ తల్లులైన విద్యార్థినులకూ సాధారణ బడిలోనే చోటు కల్పించింది.

అంతటితో ఆ దేశం ఆగిపోలేదు. 2024 జూలైలో బాల్య వివాహాలను నిషేధిస్తూ చట్టం చేసింది. పద్ధెనిమిదేళ్లు నిండని బాలికను పెళ్లాడినవారికి జైలు శిక్ష విధించవచ్చునని ఆ చట్టం చెబుతోంది. ఈ రెండు చర్యలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. తల్లి అయిన బాలికను బడిలోకి అనుమతిస్తే బాల్య మాతృత్వాన్ని ప్రోత్సహించినట్లవుతుందని భయపడేవారికి ఇందులో సమాధానం ఉంది. ఆ దేశం బాధితురాలికి తలుపు తెరిచింది, బాధ్యులకు తలుపు మూసింది. ఒకటి చేస్తే రెండోది చేయలేమన్న వాదన నిలబడదు.

టాంజానియా కథ

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియాది మరో అనుభవం. 2002 నాటి విద్యా నిబంధనల ప్రకారం 'నైతికతకు విరుద్ధంగా' ప్రవర్తించిన విద్యార్థులనే కాక, వివాహం చేసుకున్న విద్యార్థులను కూడా బడి నుంచి తొలగించే వీలుంది. అంటే పెళ్లికాని గర్భవతికీ, నికాహ్ అయిన బాలికకూ ఒకే గతి. 2017 జూన్‌లో నాటి అధ్యక్షుడు జాన్ మగుఫులి ఒక బహిరంగ సభలో, తాను అధికారంలో ఉన్నంత కాలం గర్భం దాల్చిన ఏ బాలికనూ తిరిగి బడిలో చేర్చుకోబోమని ప్రకటించారు. విశేషమేమంటే అదే దేశంలో భాగమైన, ముస్లింలు అత్యధికంగా నివసించే జాంజిబార్ దీవుల్లో అప్పటికే తల్లులైన బాలికలు మళ్లీ చదువుకునే వెసులుబాటు ఉంది. మగుఫులి అనంతరం అదే జాంజిబార్‌కు చెందిన సామియా సులుహు హసన్ 2021 మార్చిలో అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడాది నవంబరు 24న టాంజానియా ప్రభుత్వం ప్రసవం తర్వాత బాలికలు తిరిగి బడికి రావచ్చునని ప్రకటించింది.

మన సంగతేమిటి?

ఆ దేశాలు ఎక్కడో ఉన్నాయి, మనకేమిటి సంబంధం అనుకోవడానికి వీల్లేదు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్ధెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో ఇది 23.5 శాతం. ఇక 15–19 ఏళ్ల వయసులో ఉన్నవారిలో సర్వే నాటికే తల్లులైన లేదా గర్భవతులుగా ఉన్న వారు ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, తెలంగాణలో 5.8 శాతం. దేశ సగటు 6.8 శాతం. అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు అమ్మాయిల్లో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. ఇవి అన్ని మతాలవారినీ కలిపి తీసిన లెక్కలు. అయితే ఇందులో మన ఇళ్లు లేవని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగేవారు ఎందరు?

మన దేశంలో సియెర్రా లియోన్ తరహా నిషేధం లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. పెళ్లయిందనో, గర్భవతి అనో అందులో మినహాయింపు లేదు. పద్ధెనిమిదేళ్లలోపు పెళ్లి చేయడం 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం. నేరం చేసినవారు పెద్దలు. ఆ బాలిక రక్షణ పొందవలసిన వ్యక్తే తప్ప నేరస్థురాలు కాదు. అయినా కేసుల భయంతో కుటుంబాలు ఆమెను దాచిపెడతాయి. బడికి పంపవు, ఒక్కోసారి ఆసుపత్రికి కూడా సకాలంలో తీసుకెళ్లవు. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల బాలికల మరణాలకు ప్రపంచవ్యాప్తంగా ఉన్న ప్రధాన కారణాల్లో గర్భ, ప్రసవ సమస్యలు ఒకటన్న సంగతి ఇక్కడ మరువరాదు. దాచడం వల్ల పరువు నిలుస్తుందేమో గాని, ప్రాణం నిలుస్తుందన్న హామీ లేదు.

వివాహిత అనగానే విద్యాసంస్థల దృష్టి ఎలా మారుతుందో తెలుపడానికి మన దగ్గరి ఉదాహరణే ఒకటుంది. 2017లో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలల ప్రవేశ ప్రకటనలో అవివాహితలు మాత్రమే దరఖాస్తు చేయాలన్న నిబంధన కనిపించింది. వివాహితలను చేర్చుకుంటే వారి భర్తలు చూడటానికి వస్తుంటారనీ, అది ఇతర విద్యార్థినుల ధ్యాసకు భంగం కలిగిస్తుందనీ ఇచ్చిన వివరణ తీవ్ర విమర్శకు గురయింది. పేద కుటుంబాల అమ్మాయిల కోసమే పెట్టిన కళాశాలల్లో, పేదరికం వల్లనే త్వరగా పెళ్లయిన అమ్మాయికి చోటు లేదనడం ఎంత విచిత్రం!

మరోవైపు మంచి మార్పులూ వస్తున్నాయి. విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు మినహాయింపు ఇచ్చేలా నియమాలు రూపొందించాలని యు.జి.సి. 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలను కోరింది. కేరళ ప్రభుత్వం 2023 జనవరిలో, పద్ధెనిమిదేళ్లు నిండిన విద్యార్థినులకు 60 రోజుల ప్రసూతి సెలవు మంజూరు చేసింది.

తల్లుల కోసం తగ్గిన నమాజ్

ఈ విషయంలో ఇస్లామీయ దృక్పథం ఏమిటో తెలుసుకోవడానికి దైవప్రవక్త (స) మస్జిదు వైపు చూద్దాం. నమాజ్ చేయిస్తూ ఉండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు కలత చెందుతుందని ఆయన (స) నమాజ్‌ను కుదించేవారు. ప్రామాణిక హదీసు గ్రంథాల్లో ఉన్న ఈ విషయం మనందరికీ తెలిసిందే. కాని దాని భావాన్ని మనం పూర్తిగా గ్రహించామా? బిడ్డ ఏడ్చిందని ఆ తల్లిని రేపటి నుంచి రావద్దనలేదు. ఆమె కోసం సామూహిక నమాజే తన నిడివిని తగ్గించుకుంది. సర్దుకున్నది తల్లి కాదు, సమూహం.

హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (స) హజ్ యాత్రకు బయలుదేరినప్పటి సంఘటన ఇంకొకటి. జుల్ హులైఫా వద్ద హజ్రత్ అబూబక్ర్ (రజి) సతీమణి హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ప్రసవించారు. ఏం చేయాలని కబురు పంపితే, స్నానం చేసి, గుడ్డ కట్టుకుని, ఇహ్రామ్ సంకల్పం చేసుకోమని దైవప్రవక్త (స) చెప్పి పంపారు. పచ్చి బాలింతరాలు కదా, ఇంటికి తిరిగి వెళ్లమని అనలేదు. ఆ స్థితిలో ముందుకు ఎలా సాగాలో నేర్పారు. మదీనా స్త్రీలు తమకు ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించి బోధించమని కోరితే ఆయన (స) కేటాయించారు. అలా కూర్చుని నేర్చుకున్నవారిలో తల్లులు ఎందరో ఉన్నారు.

అభ్యంతరాలు – ఆలోచన

"అలాంటి అమ్మాయిని చూసి మిగతా పిల్లలు చెడిపోతారు" అన్నది మొదటి అభ్యంతరం. నిజానికి రాత్రంతా బిడ్డ కోసం మేలుకుని, పగలు పాఠం వినడానికి తంటాలుపడే తోటి అమ్మాయిని చూసి తొందరపడాలని ఏ పిల్లకూ అనిపించదు. పైగా ఆమె పరిస్థితికి కారణం ఏమిటో చాలాసార్లు మనకు తెలియదు. ఆమెపై అఘాయిత్యం జరిగి ఉండవచ్చు. సాక్ష్యం లేకుండా స్త్రీపై నింద మోపడాన్ని దివ్య ఖుర్ఆన్ ఎంత ఘోరమైన పాపంగా ఎంచిందో తెలిసిన మనం, వీధి అరుగుల మీద తీర్పులు చెప్పడానికి ఎలా సాహసించగలం? హజ్రత్ మర్యమ్ (అలైహ) పురిటి నొప్పులతో ఒంటరిగా ఖర్జూర చెట్టును ఆశ్రయించినప్పుడు అల్లాహ్ ఆమెకు ఊరటనిచ్చాడు, నీటినీ పండ్లనూ అనుగ్రహించాడు. ఆమెను నిలదీసింది జనమే.

"తల్లి అయ్యాక బిడ్డే ముఖ్యం కదా" అన్నది రెండో అభ్యంతరం. బిడ్డే ముఖ్యమని మనమూ ఒప్పుకుందాం. జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్ 1979లో నైజీరియా గణాంకాలను పరిశీలించి, పసిబిడ్డలు బతికి బట్టకట్టడాన్ని నిర్ణయించే అంశాలన్నింటిలోనూ తల్లి చదువు అత్యంత బలమైనదని తేల్చాడు. మందు సీసా మీది అక్షరాలు చదవగల తల్లి, జ్వరం ఎప్పుడు ప్రమాదకరమో గ్రహించి వైద్యుని దగ్గర నోరువిప్పి అడగగల తల్లి బిడ్డకు కవచం. తల్లి చదువును ఆపి బిడ్డకు మేలు చేస్తున్నామనుకోవడం వేరు నరికి చెట్టుకు నీళ్లు పోయడం లాంటిది.

"అత్తవారు ఒప్పుకోరు" అన్నది మూడోది, అన్నిటికంటే బలమైనది. దీనికి మందు పెళ్లికి ముందే ఉంది. వివాహ సమయంలో ఒప్పుకున్న షరతులు అన్నిటికంటే ముందుగా నెరవేర్చదగినవని దైవప్రవక్త (స) బోధించారు. కట్నకానుకల గురించి గంటల తరబడి మాట్లాడుకునే పెద్దలు, అమ్మాయి చదువు కొనసాగుతుందన్న ఒక్క వాక్యాన్ని నికాహ్ నామాలో ఎందుకు రాయించరు?

మన చేతిలో ఉన్న మార్గాలు

అన్నిటికంటే ముందు చేయవలసింది, పద్ధెనిమిదేళ్లు నిండకుండా, కనీసం ఇంటర్మీడియట్ పూర్తికాకుండా అమ్మాయి పెళ్లి మాట తలపెట్టకపోవడం. ఇందులో రాజీ పనికిరాదు. అయితే జరగకూడనిది జరిగి, ఆమె తల్లి కాబోతున్నదంటే, ముందుగా వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. తర్వాత చదువు సంగతి ఆలోచించాలి. తొందరపడి బడి నుంచి టి.సి. తీసుకోకండి. పేరు రిజిస్టరులో ఉంటేనే తిరిగి వెళ్లే దారి ఉంటుంది. ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడి హాజరు విషయంలో ఏ మేరకు వెసులుబాటు ఉందో అడగండి. వార్షిక పరీక్షల సమయానికి ప్రసవం అయ్యేట్లుంటే, పదో తరగతికీ ఇంటర్‌కూ సప్లిమెంటరీ పరీక్షలు ఉన్నాయి.

బడికి వెళ్లే వీలు ఎంతమాత్రం లేకపోతే ఓపెన్ స్కూల్ ఉంది. రెండు రాష్ట్రాలకూ వేర్వేరుగా ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్.ఐ.ఓ.ఎస్. కూడా ఉంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరవచ్చు. ఎన్.ఐ.ఓ.ఎస్.లో ఒకసారి నమోదైతే ఐదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కరలేదు. బిడ్డ పాలు మరిచే లోపు రెండు, నడక నేర్చే లోపు మరో రెండు రాసుకోవచ్చు. తెలుగులోనూ ఉర్దూలోనూ చదవవచ్చు. ఆపైన డిగ్రీకి, 1982లో హైదరాబాద్‌లో ప్రారంభమై దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా నిలిచిన నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. ఉర్దూ మాధ్యమంలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య ఉంది.

ఇవన్నీ ఉన్నా, ఇంట్లో ఒకరు రోజుకు రెండు గంటలు బిడ్డను ఎత్తుకోకపోతే ఏదీ అక్కరకు రాదు. ఆ ఒకరు అమ్మమ్మ కావచ్చు, నానమ్మ కావచ్చు, ఆడబిడ్డ కావచ్చు. అన్నిటికంటే ముందు బిడ్డ తండ్రి కావాలి. దైవప్రవక్త (స) తన మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజ్ చేశారు. అలాంటప్పుడు బిడ్డను ఎత్తుకోవడం మగవారికి చిన్నతనం ఎలా అవుతుంది?

మస్జిద్ కమిటీలు, మహిళా ఇజ్తిమాలు నిర్వహించే సోదరీమణులు కూడా ఒక అడుగు వేయవచ్చు. మధ్యాహ్నం ఖాళీగా ఉండే మద్రసా గదిలో రెండు గంటలు చదువు చెప్పే ఏర్పాటు చేసి, పక్కనే పిల్లల కోసం ఒక చాప, ఒక ఉయ్యాల, చూసుకునేందుకు ఒక పెద్దావిడ ఉంటే చాలు. మన మొహల్లాలో చదువు ఆపేసిన చిన్న వయసు తల్లులు ఎందరున్నారో ఒక్కసారి లెక్క తీస్తే, పని ఎక్కడ మొదలుపెట్టాలో దానంతటదే తెలుస్తుంది.

ఓపెన్ స్కూల్ ప్రవేశాల ప్రకటనలు ప్రతి ఏటా పత్రికల్లో వస్తాయి. ఈసారి ఆ ప్రకటన కనిపించినప్పుడు పేజీ తిప్పేయకుండా, మీ ఇంట్లోనో మీ బంధువుల్లోనో ఉన్న అలాంటి అమ్మాయికి చూపించండి. దరఖాస్తు నింపడంలో సాయపడండి. పరీక్ష రోజున బిడ్డను మీరు పట్టుకుంటానని మాట ఇవ్వండి. ఆ మాట నిలబెట్టుకునే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.